పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉంది.. టీవీలో మాత్రం రావట్లేదు! క్వాలిటీ, సైజు, ఫార్మాట్ మూడూ కుదిరేదెలా?

* ఫైల్ సైజును తేల్చేది 'ఎంపీ4' అనే పేరు కాదు.. బిట్‌రేట్
* పేరు ఎంపీ4 అయినా లోపలి కోడెక్ తెలియకపోతే టీవీ చేతులెత్తేస్తుంది
* వాట్సాప్‌కు ఒక కాపీ, టీవీకి ఒక కాపీ.. ఒరిజినల్‌ను మాత్రం ముట్టుకోవద్దు

వెంకటాచలం: పెళ్లయి రెండు నెలలైంది. స్టూడియో వాళ్లు వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చారు. ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చున్నారు. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టారు. తెర మీద ఒక్కటే లైను.. 'ఈ ఫైల్ సపోర్ట్ చేయదు'. కొన్ని ఇళ్లలో ఇంకో రకం. బొమ్మ వస్తుంది, నాదస్వరం వినిపించదు. అదే ఫైల్ ఫోన్‌లో పెడితే బాగానే వస్తుంది. స్టూడియోకి ఫోన్ చేస్తే "మా సిస్టంలో బాగానే ఉంది సార్" అంటారు. ఆ మాటా నిజమే. మరి తప్పెక్కడ? చాలాసార్లు ఎడిటింగ్ అయ్యాక ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు పెట్టిన ఒకటి రెండు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

పెళ్లి వీడియోలకే కాదు.. కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ విద్యార్థులు చేసే ప్రాజెక్ట్ వీడియోకైనా, హైవే మీద జరిగిన ప్రమాదాన్ని ఫోన్‌లో తీసి న్యూస్ డెస్క్‌కు పంపే విలేకరికైనా ఇదే చిక్కు. క్వాలిటీ తగ్గకూడదు. సైజు పెరగకూడదు. ఎక్కడ పెట్టినా ప్లే అవ్వాలి. ఈ మూడు కోరికలూ ఒకే ఫైల్‌తో నూటికి నూరుపాళ్లు తీరవు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. ఎక్కడ ఎంత తగ్గొచ్చో తెలుసుకోవడమే అసలు పని.

ఒకే పెళ్లి.. మూడు రకాల ప్రేక్షకులు

నెల్లూరు, గూడూరు మధ్య హైవే మీదున్న వెంకటాచలంలో ఒక కల్యాణ మండపం. పెళ్లి వీడియో మొత్తం మూడు గంటలు వచ్చిందనుకుందాం. దాన్ని చూసేవాళ్లు మూడు రకాలు.

మొదటిది, అమ్మానాన్నలు. వాళ్లు ఇంట్లో టీవీలో, పెన్‌డ్రైవ్ పెట్టుకుని చూస్తారు. రెండోది, పెళ్లికి రాలేకపోయిన అన్నయ్య. ఆయన అమెరికాలో యూట్యూబ్ లింక్ నొక్కి చూస్తాడు. మూడోది, బంధువుల వాట్సాప్ గ్రూపు. వాళ్లకు తలంబ్రాల క్లిప్ ఒక్క నిమిషం ఉంటే చాలు.

ముగ్గురికీ ఒకే ఫైల్ పంపితే ఎవరో ఒకరికి ఇబ్బంది తప్పదు. వాట్సాప్‌కు సరిపోయేంత చిన్న ఫైల్‌ను 43 అంగుళాల టీవీలో పెడితే ముఖాలు గళ్లు గళ్లుగా కనిపిస్తాయి. టీవీలో అద్భుతంగా ఉండే ఫైల్ వాట్సాప్‌లో అప్‌లోడ్ అవదు. అందుకే ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కే ముందు 'ఏ క్వాలిటీ?' అని కాదు, 'ఎవరు, ఎక్కడ చూస్తారు?' అని అడగాలి.

అసలు వీడియోను కుదించకపోతే ఏమవుతుంది?

ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. మామూలు వీడియోల్లో వాడే పద్ధతిలో రంగుల సమాచారాన్ని ముందే పావు వంతుకు తగ్గించినా ఒక్కో ఫ్రేమ్ సుమారు 3.1 ఎంబీ ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేములంటే దాదాపు 78 ఎంబీ. నిమిషానికి 4.6 జీబీ పైమాటే. మూడు గంటల పెళ్లికి లెక్క కడితే 840 జీబీ దాకా తేలుతుంది!

అదే పెళ్లిని సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున ఎన్‌కోడ్ చేస్తే 10.8 జీబీకి వస్తుంది. అంటే దాదాపు 78వ వంతు. మిగతాదంతా ఎటు పోయింది?

ఎన్‌కోడర్ రెండు పనులు చేస్తుంది. ఒకే ఫ్రేమ్‌లో పక్కపక్కన ఒకేలా ఉన్న చుక్కలను కలిపి చెబుతుంది. ఇంకా ముఖ్యమైనది, ముందు ఫ్రేమ్‌కూ ఈ ఫ్రేమ్‌కూ మధ్య ఏం మారిందో అది మాత్రమే రాసుకుంటుంది. పురోహితుడు కదలకుండా కూర్చుని మంత్రాలు చదువుతుంటే వెనక పూల డెకరేషన్ మారదు, మండపం మారదు. 'అక్కడ ముందున్నదే ఉంచు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అలాంటి సీన్‌కు డేటా చాలా తక్కువ చాలు.

మరి తలంబ్రాలు? వేల బియ్యపు గింజలు ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకు ఎగురుతాయి. పక్కన ఫ్లాష్‌లు వెలుగుతుంటాయి. వెంకటగిరి చీర మీద జరీ అంచు మెరుస్తుంటుంది. ముందు ఫ్రేమ్‌లో ఉన్నది ఈ ఫ్రేమ్‌లో ఉండదు. ఎన్‌కోడర్‌కు అసలైన పరీక్ష ఇదే. ఇక్కడ డేటా సరిపోకపోతే అది వివరాలను వదిలేస్తుంది. గింజలు మసకగా, ముఖాలు గళ్లుగా మారతాయి. డ్రోన్‌తో తీసిన రొయ్యల చెరువు నీళ్ల అలలకూ, గాలికి ఊగే వరి చేనుకూ ఇదే సమస్య.

అందుకే సెట్టింగ్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించాలంటే పురోహితుడి సీన్ చూస్తే తెలియదు. తలంబ్రాల సీన్ ఒక నిమిషం ఎన్‌కోడ్ చేసి చూడాలి. అది బాగుంటే మిగతాదంతా బాగుంటుంది.

సైజు లెక్క చాలా సింపుల్

ఫైల్ సైజు తెలుసుకోవడానికి ఒక్క సూత్రం చాలు. బిట్‌రేట్‌ను సెకన్లతో గుణించి 8తో భాగించాలి. బిట్‌రేట్ అంటే ఒక్కో సెకను వీడియోకు ఎంత డేటా ఖర్చు పెడుతున్నామో ఆ లెక్క. సెకనుకు 8 మెగాబిట్లు అంటే నిమిషానికి 60 ఎంబీ, గంటకు 3.6 జీబీ. 4 మెగాబిట్లు అంటే అందులో సగం.

చాలామంది '1080పీ' అని కనిపిస్తే క్వాలిటీ బాగున్నట్టే అనుకుంటారు. అది చుక్కల సంఖ్య మాత్రమే. 1080పీ వీడియోకు సెకనుకు 1 మెగాబిట్ మాత్రమే ఇస్తే, అదే డేటాతో చేసిన 480పీ వీడియో కంటే అసహ్యంగా కనిపించే అవకాశం ఉంది. నలుగురికి చేసిన పులుసులో నీళ్లు పోసి నలభై మందికి వడ్డించినట్టే. డేటా తక్కువగా ఉన్నప్పుడు రిజల్యూషన్ తగ్గించడమే మేలు.

ఇది రెండో వైపు కూడా పనిచేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన 480పీ క్లిప్‌ను 1080పీకి మార్చినంత మాత్రాన పోయిన జరీ అంచు తిరిగి రాదు. సైజు పెరుగుతుంది అంతే.

'ఎంపీ4 అడిగాను, ఎంపీ4 ఇచ్చారు.. అయినా రాదేంటి?'

ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. ఎంపీ4 అన్నది కంటైనర్ పేరు. వెంకటాచలం టోల్‌ప్లాజా దగ్గర కాసేపు నిలబడితే కంటైనర్ లారీలు వరసగా వెళ్తుంటాయి. బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపల ఒకదాంట్లో రొయ్యలు, ఇంకోదాంట్లో యంత్రాలు ఉండొచ్చు. ఎంపీ4, ఎంకేవీ, ఎంఓవీ కూడా అలాంటి పెట్టెలే. లోపల బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్. శబ్దానికి ఇంకో కోడెక్ ఉంటుంది. టీవీకి పెట్టె తెరవడం వచ్చినా లోపలి సరుకును విప్పడం రాకపోతే 'సపోర్ట్ చేయదు' అంటుంది.

ఇప్పుడు ఎక్కువగా వినిపించే కోడెక్‌లు మూడు.

హెచ్.264: 2003లో వచ్చిన స్టాండర్డ్. పాత ఎల్‌ఈడీ టీవీ నుంచి కొత్త ఫోన్ దాకా దాదాపు అన్నిటికీ అర్థమయ్యే భాష ఇదే. ఎక్కడ ప్లే చేస్తారో తెలియనప్పుడు కళ్లు మూసుకుని ఎంచుకోవచ్చు.

హెచ్.265: దీన్నే హెచ్‌ఈవీసీ అని కూడా అంటారు. 2013లో వచ్చింది. హెచ్.264 ఇచ్చే క్వాలిటీనే దాదాపు సగం డేటాతో ఇవ్వాలన్నది దీని లక్ష్యం. అన్ని వీడియోలకూ కచ్చితంగా సగం అవదు గానీ, 4కే వీడియోల్లో తేడా బాగా తెలుస్తుంది. 4కే టీవీలు దాదాపు అన్నీ దీన్ని ప్లే చేస్తాయి. పాత ఫుల్ హెచ్‌డీ టీవీల్లో చాలావాటికి ఇది రాదు. విండోస్ కంప్యూటర్లలో కూడా కొన్నింటికి విడిగా ఎక్స్‌టెన్షన్ వేయాలి.

ఏవీ1: 2018లో విడుదలైంది. ఇంకా తక్కువ డేటాతో పని కానిస్తుంది. యూట్యూబ్ లాంటి సంస్థలు తమ వైపు నుంచి వాడుతున్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి బంధువులకు ఇచ్చే ఫైల్‌కు మాత్రం ఇంకా తొందరే. అలాగే ఎన్‌కోడ్ చేయడానికి పట్టే సమయమూ ఎక్కువ.

ఐఫోన్ వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి, సపోర్ట్ ఉన్న ఐఫోన్లు వీడియోను హెచ్‌ఈవీసీలో రికార్డ్ చేస్తున్నాయి. పెళ్లిలో బాబాయ్ ఐఫోన్‌లో తీసిన క్లిప్ పాత కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడానికి కారణం తరచూ ఇదే. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కు వెళ్లి 'మోస్ట్ కంపాటిబుల్' పెడితే హెచ్.264లో రికార్డ్ అవుతుంది. బదులుగా స్టోరేజ్ ఎక్కువ తింటుంది.

కోడెక్ సరైనదే.. అయినా టీవీలో రాలేదంటే?

హెచ్.264లోనే ఇచ్చినా కొన్నిసార్లు రాదు. అప్పుడు ఈ నాలుగు చూడాలి.

మొదటిది, 10 బిట్. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 10 బిట్, 4:2:2 కలర్‌లో రికార్డ్ చేయగలవు. కలర్ కరెక్షన్‌కు అది బంగారం లాంటిది. కానీ ఎక్స్‌పోర్ట్‌లో 'మ్యాచ్ సోర్స్' అని వదిలేస్తే ఫైల్ కూడా అలాగే బయటికి రావచ్చు. 10 బిట్ హెచ్.264ను చాలా టీవీలు ప్లే చేయలేవు. ఇచ్చే కాపీ 8 బిట్, 4:2:0లో ఉండాలి.

రెండోది, ప్రొఫైల్, లెవెల్. ఫుల్ హెచ్‌డీకి 'హై ప్రొఫైల్, లెవెల్ 4.1' పెడితే పాత టీవీలకూ ఇబ్బంది ఉండదు. అంతకంటే పైకి వెళ్లే కొద్దీ ప్లే చేసే పరికరాలు తగ్గుతుంటాయి.

మూడోది, శబ్దం. బొమ్మ వచ్చి నాదస్వరం రాలేదంటే ఆడియో కోడెక్ తేడా. కొన్ని కెమెరాలు ధ్వనిని కుదించకుండా పీసీఎంలో రికార్డ్ చేస్తాయి. దాన్ని అలాగే పెట్టెలో పెట్టేస్తే కొన్ని టీవీలు మూగబోతాయి. ఆడియోను ఏఏసీలో, స్టీరియోలో, 192 కిలోబిట్ల దగ్గర పెడితే సరిపోతుంది.

నాలుగోది, పెన్‌డ్రైవ్. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటాయి. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా 10 జీబీ ఫైల్ కాపీ అవదు. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే ఈ పరిమితి పోతుంది గానీ, కొన్ని పాత టీవీలు ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌నే గుర్తించవు.

దీనికో సులువైన దారి ఉంది. వీడియోను గంట చొప్పున మూడు భాగాలు చేయడం. సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున గంటకు 3.6 జీబీ, ఆడియోతో కలిపి సుమారు 3.7 జీబీ. ఫ్యాట్32లో హాయిగా పడుతుంది. స్నాతకం నుంచి ఒక ఫైల్, ముహూర్తం ఒక ఫైల్, అప్పగింతల దాకా ఇంకో ఫైల్. చూసేవాళ్లకు కావాల్సిన ఘట్టం వెతుక్కోవడమూ తేలికే. అలా కాకుండా మూడు గంటలూ ఒకే 4 జీబీ ఫైల్‌లో ఇరికించాలంటే బిట్‌రేట్‌ను 3 మెగాబిట్ల దగ్గరికి దించాలి. అప్పుడు దెబ్బ తినేది తలంబ్రాలే.

బిట్‌రేట్ పెట్టాలా? క్వాలిటీ నంబర్ పెట్టాలా?

ఎన్‌కోడింగ్ సాఫ్ట్‌వేర్‌లలో రెండు దారులుంటాయి. ఒకటి, బిట్‌రేట్ మనమే చెప్పడం. సైజు ముందే తెలుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్‌లో పట్టాలన్న షరతు ఉన్నప్పుడు ఇదే సరైనది. ఇందులో 'టూ పాస్' ఆప్షన్ ఉంటే ఎంచుకోవాలి. మొదటిసారి వీడియో మొత్తం చూసుకుని, ఎక్కడ ఎంత డేటా కావాలో అంచనా వేసుకుని, రెండోసారి ఎన్‌కోడ్ చేస్తుంది. సమయం పెరుగుతుంది, కానీ అదే సైజులో బొమ్మ మెరుగవుతుంది.

రెండోది, క్వాలిటీ నంబర్ చెప్పడం. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో దీన్ని సీఆర్‌ఎఫ్ అంటారు, ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్‌ఎఫ్ అని కనిపిస్తుంది. పురోహితుడి సీన్‌కు తక్కువ, తలంబ్రాలకు ఎక్కువ డేటా ఎన్‌కోడరే పంచుకుంటుంది. సైజు మాత్రం చివర్లోనే తెలుస్తుంది. ఇక్కడ నంబర్ తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది, ఇది గుర్తుంచుకోవాలి. ఫుల్ హెచ్‌డీకి 20 నుంచి 24 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ సూచిస్తుంది. నంబర్ 6 తగ్గితే సైజు సుమారు రెట్టింపవుతుంది, 6 పెరిగితే సుమారు సగమవుతుంది. అందుకే 'ఇంకా బాగుండాలి' అని 22ను 16 చేస్తే కంటికి పెద్దగా తేడా కనిపించదు, హార్డ్‌డిస్క్ మాత్రం నిండిపోతుంది.

ఇంకొక మీట 'ప్రీసెట్'. స్లో, మీడియం, ఫాస్ట్ అని ఉంటుంది. స్లో అంటే ఎన్‌కోడర్ ఎక్కువ ఆలోచించి కుదిస్తుంది. ఫాస్ట్ అంటే తొందరగా ముగిస్తుంది, అదే క్వాలిటీకి సైజు పెరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డుతో చేసే ఎన్‌కోడింగ్ కూడా అంతే. నిమిషాల్లో పని అయిపోతుంది గానీ అదే సైజులో క్వాలిటీ కొంచెం తగ్గొచ్చు. సీజన్‌లో వరసగా పెళ్లిళ్లున్న స్టూడియోకు సమయం కూడా డబ్బే. అలాంటప్పుడు గ్రాఫిక్స్ కార్డు వాడి బిట్‌రేట్ కాస్త పెంచడం తప్పేమీ కాదు.

25 ఫ్రేములా? 30 ఫ్రేములా?

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్లు, కొన్ని రకం ఎల్‌ఈడీలు దానికి తగ్గట్టు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. కల్యాణ మండపంలో తీసిన వీడియోలో వెలుతురు అలలు అలలుగా కదులుతోందంటే కారణం ఇదే. 25 ఫ్రేములు, షటర్ స్పీడ్ సెకనులో 50వ వంతు పెడితే ఈ గొడవ చాలావరకు పోతుంది. షూటింగ్‌లో వచ్చిన మిణుకును ఎన్‌కోడింగ్ తీసేయలేదు. పైగా ప్రతి ఫ్రేమ్‌లో వెలుతురు మారుతుంటుంది కాబట్టి అనవసరంగా డేటా తింటుంది.

25లో తీసిందాన్ని 25లోనే ఎక్స్‌పోర్ట్ చేయాలి. 30కి మారిస్తే కెమెరా పక్కకు తిరిగినప్పుడు బొమ్మ కుదుపుతుంది. ఫోన్ వీడియోల్లో ఇంకో తేడా ఉంటుంది. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల సంఖ్యను మార్చుకుంటాయి. వాటిని నేరుగా ఎడిటింగ్‌లో వేస్తే పోను పోను పెదాలకూ మాటకూ పొంతన కుదరదు. ముందుగా హ్యాండ్‌బ్రేక్‌లో 'కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్'తో మార్చుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

అమ్మానాన్నల కాలం నాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్లను డిజిటల్‌కు మార్చేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అప్పటి వీడియోలో ఒక ఫ్రేమ్‌ను బేసి గీతలు, సరి గీతలుగా రెండు ముక్కలు చేసి చూపించేవారు. అలాగే ఎన్‌కోడ్ చేస్తే చెయ్యి కదిలిన చోటల్లా దువ్వెన పళ్లలా గీతలొస్తాయి. 'డీఇంటర్‌లేస్' ఆన్ చేయాలి. క్యాసెట్‌లో ఉన్న వివరమే తక్కువ కాబట్టి దాన్ని 4కే చేయడం వల్ల లాభం లేదు.

యూట్యూబ్‌కు పెద్దది.. వాట్సాప్‌కు చిన్నది

యూట్యూబ్ మనం ఏ ఫైల్ ఇచ్చినా తన పద్ధతిలో మళ్లీ ఎన్‌కోడ్ చేసుకుంటుంది. అందుకే దానికి ముందే కుదించిన ఫైల్ ఇస్తే రెండుసార్లు నష్టం. హెచ్.264లో 1080పీ వీడియోకు సెకనుకు 8 మెగాబిట్లు, సెకనుకు 50 లేదా 60 ఫ్రేములుంటే 12 మెగాబిట్లు, 720పీకి 5 మెగాబిట్లు, 4కేకు 35 నుంచి 45 మెగాబిట్లు ఇవ్వమని యూట్యూబే సూచిస్తోంది. నెట్ బాగుంటే అంతకంటే ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. వీడియోను మీ సొంత వెబ్‌సైట్‌లో పెడుతుంటే 'ఫాస్ట్ స్టార్ట్' లేదా 'వెబ్ ఆప్టిమైజ్డ్' టిక్ చేయాలి. ఫైల్ మొత్తం దిగేదాకా ఆగకుండా వెంటనే ప్లే అవుతుంది.

వాట్సాప్ సంగతి వేరు. మామూలుగా వీడియోగా పంపితే అది తనే కుదించేస్తుంది. 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చింది, అయినా కుదింపు మాత్రం ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు వెళ్లాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. 2022 నుంచి ఇలా 2 జీబీ దాకా పంపొచ్చు. చాలామంది ఇప్పటికీ క్లిప్‌ను 16 ఎంబీ లోపు ఉంచాలని చూస్తారు. ఆ లెక్కన ఒక నిమిషం క్లిప్‌కు సెకనుకు సుమారు 2 మెగాబిట్లు దొరుకుతాయి. 720పీలో ఫర్వాలేదు. మూడు నిమిషాలు పంపాలంటే 0.7 మెగాబిట్లే మిగులుతాయి. అప్పుడు 480పీకి దిగడమో, క్లిప్ కత్తిరించడమో చేయాలి.

అసలు ప్రమాదం కుదించిందాన్ని మళ్లీ కుదించడంలో ఉంది. గ్రూపులో వచ్చిన క్లిప్‌ను డౌన్‌లోడ్ చేసి, పాట కలిపి, స్టేటస్‌గా పెట్టి, అక్కడి నుంచి ఇంకొకరు స్క్రీన్ రికార్డ్ చేసి రీల్‌గా వేస్తే.. ప్రతి మెట్టులోనూ కొన్ని వివరాలు పోతూనే ఉంటాయి. జిరాక్స్ కాపీకి మళ్లీ జిరాక్స్ తీసినట్టే. ఏ కాపీ అయినా ఒరిజినల్ నుంచే చేసుకోవాలి.

వరదలొచ్చినప్పుడు లెక్క మారుతుంది

తీర ప్రాంతంలో ఈ లెక్కలు పెళ్లిళ్లతో ఆగవు. 2021 నవంబరులో పెన్నా వరదలప్పుడు నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైల్వే ట్రాక్ దెబ్బతింది, జాతీయ రహదారిపై రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, సిగ్నల్ సరిగా దొరకదు. అప్పుడు వీడియో ఎంత అందంగా ఉందన్నది కాదు, ఎంత త్వరగా చేరిందన్నదే ముఖ్యం.

అప్‌లోడ్ వేగం సెకనుకు 2 మెగాబిట్లే ఉందనుకుందాం. ఫోన్‌లో 4కేలో తీసిన ఒక నిమిషం వీడియో 360 ఎంబీ ఉంటే అది వెళ్లడానికి 24 నిమిషాలు. 8 మెగాబిట్ల 1080పీ అయితే 4 నిమిషాలు. 2 మెగాబిట్ల 720పీ అయితే ఒక్క నిమిషం. ఏ వంతెన మీదికి నీళ్లొచ్చాయో జనానికి తెలియడానికి ఆ మూడోదే చాలు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ముందు చిన్న ఫైల్ పంపి, నెట్ దొరికాక పెద్దది పంపడం మంచి పద్ధతి.

కానీ పంపేశాం కదా అని ఫోన్‌లో ఒరిజినల్ డిలీట్ చేయొద్దు. ప్రమాదం, గొడవ, పంట నష్టం లాంటి వీడియోలు రేపు సాక్ష్యంగా అవసరం కావచ్చు. కుదించిన కాపీలో నంబర్ ప్లేట్ చదవలేనంతగా అలుక్కుపోవచ్చు. తీసిన తేదీ, సమయం లాంటి వివరాలూ పోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో ఫైల్ హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఒక్కసారి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే చాలు, కంటికి తేడా తెలియకపోయినా ఆ వేలిముద్ర మారిపోతుంది. కాబట్టి ఇలాంటి వీడియోలను కట్ చేయకుండా, పేరు మీద పేరు మార్చకుండా, తీసిన ఫైల్‌ను తీసినట్టే దాచాలి.

ఏ పనికి ఏ సెట్టింగ్? ఒక్క చూపులో..

* టీవీ, పెన్‌డ్రైవ్: ఎంపీ4, హెచ్.264, 8 బిట్, హై ప్రొఫైల్, లెవెల్ 4.1, 1080పీ, 25 ఫ్రేములు, 8 మెగాబిట్లు. ఆడియో ఏఏసీ 192. గంటకో ఫైల్.
* యూట్యూబ్: ఎంపీ4, హెచ్.264, తీసిన ఫ్రేమ్‌రేటే, 1080పీకి కనీసం 8 మెగాబిట్లు. సందేహముంటే ఎక్కువే ఇవ్వాలి.
* వాట్సాప్: 720పీ, 2 మెగాబిట్లు, నిమిషం లోపు క్లిప్. క్వాలిటీ ముఖ్యమైతే డాక్యుమెంట్‌గా పంపాలి.
* ఇంట్లో దాచుకోవడానికి: కొత్త టీవీ, కొత్త కంప్యూటర్ ఉంటే హెచ్.265 సైజును బాగా తగ్గిస్తుంది. అయినా టీవీకి ఇచ్చే హెచ్.264 కాపీ విడిగా ఉండాలి.
* వార్త, సాక్ష్యం: పంపడానికి చిన్న కాపీ. ఒరిజినల్ ముట్టుకోకుండా రెండు చోట్ల.

పెన్‌డ్రైవ్ తీసుకునే ముందు ఇవి అడగండి

పెళ్లివారు కోడెక్‌ల పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. స్టూడియోకు మీ టీవీ కంపెనీ, మోడల్ చెప్పండి. ముందుగా ఒక నిమిషం శాంపిల్, అదీ తలంబ్రాల ఘట్టం, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇమ్మనండి. ఇంట్లో టీవీలో పెట్టి చూడండి. బొమ్మ, శబ్దం, ముందుకు వెనక్కు జరపడం.. మూడూ బాగుంటేనే మొత్తం వీడియో ఎక్స్‌పోర్ట్ చేయమనండి. మూడు గంటల వీడియో మళ్లీ చేయించడం కంటే ఇది ఎంతో తేలిక.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న.. 'ఒరిజినల్ ఫైల్స్ ఎన్నాళ్లు ఉంచుతారు?' ఏ స్టూడియో హార్డ్‌డిస్క్‌లోనూ స్థలం అంతులేకుండా ఉండదు. కొత్త పెళ్లిళ్ల కోసం పాతవి తీసేయక తప్పదు. అలా తీసేసే లోపే పూర్తి క్వాలిటీ ఫైల్‌ను ఒక హార్డ్‌డిస్క్‌లో వేయించుకుని, ఇంకో కాపీ వేరే చోట పెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

పెద్ద ఫైల్ నుంచి చిన్న ఫైల్ ఎప్పుడైనా చేసుకోవచ్చు. పదేళ్ల తర్వాత కొత్త టీవీ వచ్చినా, కొత్త కోడెక్ వచ్చినా అందుకు తగ్గ కాపీ తీసుకోవచ్చు. వాట్సాప్ క్లిప్ ఒక్కటే మిగిలితే మాత్రం తాతయ్య అక్షింతలు వేస్తున్నప్పటి ముఖం ఎప్పటికీ ఆ గళ్లలోనే ఉండిపోతుంది.